రెండు బెంటన్‌పేటలు, ఒక మట్టి దిమ్మ

మొన్న సర్వే శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్లిద్దరు మా ఇంటికి వచ్చారు. నేను వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాను. లోపలినుంచి మా ఆవిడ, "ఆ పిల్లలకి మెడలు పట్టేస్తున్నాయి, కాసేపు కూచోరాదూ!" అని కేకేసింది. కూచున్నాను. గుక్కెడు కాఫీ తాగేలోపే మళ్లీ లేచాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎక్కడా నిలవలేను, ఏ పనీ సగంలో వదల్లేను. ఈ జబ్బుతోనే ఉద్యోగమంతా లాక్కొచ్చాను.

వాళ్లు ప్రమోషన్ల గురించి అడిగారు. అదేదో ఆఫీసు గుమాస్తాల్ని అడగండి నాయనా అన్నాను. భూమి కొలిచే గొలుసు ఎలా లాగాలో, పటం ఎలా గీయాలో ట్రైనింగులో చెబుతారు. నేను చెప్పగలిగింది ఒకటే ఉంది. కొలవడం వచ్చినవాడికి కొలవకుండా ఉండటం ఎంత కష్టమో, అది మాత్రం చెప్పగలను.

పేర్ల గోల

నేను ఉద్యోగంలో చేరేనాటికి యుద్ధం నడుస్తోంది. బెజవాడ అప్పుడు ఇంకా బెజవాడే. తాలూకా పటం తీస్తే ఒకే పేరున్న ఊళ్లు కుప్పలు. కొత్తపేటలు ఎన్నో, దొరసానిపేటలు ఎన్నో. ఎందుకు ఇన్ని అంటే, ఆనకట్ట కట్టి కాలవలు తవ్వించిన రోజుల్లో దొర ఎక్కడ గుడారం వేస్తే అక్కడ వంటవాళ్లు, జవాన్లు, మట్టిపనివాళ్లు గుడిసెలు వేసుకునేవారు. ఆ గుడిసెలకి దొర పేరే పేరు. దొర గుడారం ఎత్తి ఇంకోచోట దిగితే అక్కడా ఆ పేరే. మిషను దొరసాని బడి పెట్టినచోటల్లా ఒక దొరసానిపేట. దొరలు వెళ్లిపోయేవారు, పేర్లు ఉండిపోయేవి. వాటి చిక్కుముళ్లు విప్పడం మా నెత్తిన పడేది.

ఇంకో రకం గొడవ కూడా చెప్పాలి. మా ఆఫీసులో నాకంటే ముందు పనిచేసిన ఒక పెద్దమనిషి కాలవ మీద పడవలో పోతూనే గట్టు మీది ఊళ్లు రాసుకునేవాడట. దిగితే చెప్పులకి బురద. ఆయన పటంలో ఒక తాటితోపు ఉంది. ఆ తోపు వెనక ఊరు ఉంది, పటంలో మాత్రం లేదు. ఆ ఊరివాళ్లకి కిరసనాయిలు రేషను కార్డులు కావాల్సి వచ్చినప్పుడు, మీ ఊరే లేదు పొమ్మన్నారు. నిక్షేపంలా పిల్లాజెల్లాతో ఉన్నవాళ్లని పట్టుకుని మీరు లేరు అంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను వెళ్లి ఆ ఊరిని పటంలోకి ఎక్కించి వచ్చాను. ఆ రోజు నాకు గర్వంగా ఉంది. కొలిస్తే మంచే జరుగుతుందని గట్టిగా నమ్మాను.

కోటయ్యగారి నూలు

మా తాలూకాలో బెంటన్‌పేటలు రెండు. ఒకటి బెజవాడలో, గవర్నర్‌పేటకి కూతవేటు దూరంలో. అక్కడ కాలవలు తవ్వించిన బెంటన్ దొర బంగళా ఉండేదట. నా రోజులకి బంగళా పోయి బట్టల కొట్లూ, లాడ్జీలూ వచ్చాయి. రెండోది కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద. అక్కడ బంగళా లేదు, కొట్లు లేవు. ఆ దొర కింద కాలవ తవ్వినవాళ్ల పిల్లలూ మనవలూ గుడిసెలు వేసుకుని ఉన్నారు.

టౌనులోని బెంటన్‌పేటకి పెద్ద కోటయ్యగారు. నేతవాళ్లకి నూలు అమ్మి బట్ట కొనే వ్యాపారి. యుద్ధం రోజుల్లో నూలు దొరకడమే గగనం. అలాంటిది ఆయన నూలు బేళ్లు పేరు పొరపాటున పడవెక్కి గట్టు మీది బెంటన్‌పేటకి పోయాయి. అక్కడ వానలో నానాయి. కోటయ్యగారు మా ఆఫీసుకి వచ్చి వీరంగం వేశారు.

"ఏవండీ, మా కొట్టు బోర్డు మీదా బెంటన్‌పేటే, మా టెలిగ్రాముల మీదా బెంటన్‌పేటే. ఆ గట్టు మీద గుడిసెలకి అంత పేరెందుకండీ? తీసెయ్యండి!"

ఖద్దరు చొక్కా తొడుక్కున్న మనిషి తెల్లదొర పేరు కోసం అంతలా పోట్లాడుతుంటే నాకు నవ్వొచ్చింది. మా తాశీల్దారు రామ్మూర్తిగారికి నవ్వు రాలేదు. ఆయన భారీ మనిషి, మోకాళ్ల నొప్పులు. పడక్కుర్చీలోంచి లేవాలంటే జవాను చెయ్యి అందించాలి. నశ్యం పీల్చి, రుమాలుతో ముక్కు తుడుచుకుని, నావైపు తిరిగి అన్నారు.

"వెళ్లి కొలుచుకు రావయ్యా. అది కాలవ శాఖ భూమి. ఊరు పేరు కొట్టేసి, కాలవ గట్టు ఆక్రమణ అని రాయి. గట్టు వెడల్పు చెయ్యాలని కాలవవాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. నువ్వు కొలిచి ఇస్తే మిగతాది వాళ్లు చూసుకుంటారు."

మిగతాది అంటే గుడిసెలు పీకించడం. పేరున్న ఊరిని లేపాలంటే నోటీసు, విచారణ, బోలెడు తతంగం. ఆక్రమణ అని రాస్తే పొద్దున్నే నలుగురు కూలీలు చాలు. ఇది నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

దిమ్మ మీద గడ్డి

గొలుసు పట్టే దావీదుని వెంటబెట్టుకుని వెళ్లాను. దావీదు నాకంటే పెద్దవాడు. ప్రతి ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది అతనే, అందుకని గొంతు పెద్దది. గట్టు మీద అతను గొలుసు విప్పగానే గుడిసెల్లోంచి జనం బయటికి వచ్చారు. ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. ఒక ముసలామె మాత్రం కర్ర పట్టుకుని ఎదురొచ్చింది. పేరు పోలమ్మ.

"ఎవరు బాబూ మీరు? కొలవమని దొర పంపిచ్చాడా?"

"ఏ దొర?"

"బెంటను దొర."

"ఆయన పోయి ఎన్నేళ్లయిందో అవ్వా," అన్నాను. ఆమె వినిపించుకోలేదు. నన్ను గుడిసెల వెనక్కి తీసుకెళ్లింది.

అక్కడ పెద్ద గొయ్యి ఉంది. గట్టు పొయ్యడానికి మట్టి తీసిన గొయ్యి. దాని నడుమ మనిషెత్తు మట్టి దిమ్మ ఒకటి నిలబడి ఉంది. దాని నెత్తిన పచ్చటి గడ్డి.

మీకు ఇప్పుడు తెలియదు కాబట్టి చెబుతాను. మట్టిపనివాళ్లు గొయ్యి తవ్వేటప్పుడు నడుమ ఒక దిమ్మ తవ్వకుండా వదిలేసేవారు. నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి అదే సాక్ష్యం. కొలిచే అధికారి వచ్చి, దిమ్మ పైనుంచి గొయ్యి అడుగుదాకా కర్ర పెట్టి లోతు చూస్తాడు. చూసి "కొట్టెయ్" అంటాడు. అప్పుడు దిమ్మ కొట్టేస్తారు, పని అయిపోయినట్టు. గునపాలు భుజాన వేసుకుని ఇంకోచోటికి పోతారు. లోతు ఎక్కువ కనపడాలని దిమ్మ మీద మట్టి పేర్చే ఘనులూ లేకపోలేదు. అందుకని పైన పాత గడ్డి ఉండాలి. గడ్డి బతికుంటే దిమ్మ నిజమైనది.

"మా అయ్య తవ్విన గొయ్యి ఇది," అంది పోలమ్మ. "దొరకి జొరం తగిలింది. పడవెక్కి బందరు పోతా పోతా, నేనొచ్చి కొలిసేదాకా దిమ్మ కొట్టొద్దు, మీరు కదలొద్దు అన్నాడంట. మేం కదల్లేదు. పక్కలు అరిగితే మెత్తుతాం గానీ, పైన పిడికెడు మన్ను ఏసిన పాపాన పోలేదు. ఎండాకాలం బిందెతో నీళ్లు పోసి గడ్డి బతికిచ్చుకుంటన్నాం."

"దొర రాలేదు కదా. ఇంకా ఎందుకు?"

"రాలేదనేగా బాబూ మేం ఉన్నాం!" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. "కొలిస్తే పనైపోద్ది. పనైపోయాక కూలోళ్లకి ఇక్కడేం పని? నువ్వు కొలవబాక."

ఆ పేట హక్కంతా అదీ. కాగితం లేదు, పట్టా లేదు. దొర పేరు ఒకటి, దొర మాట ఒకటి, ఆ మాటకి సాక్ష్యంగా గడ్డి మొలిచిన దిమ్మ ఒకటి. పేరు తీసేస్తే ఎవరి మాట మీద ఉన్నారని చెప్పుకోవాలి?

నా పక్కన దావీదు గొలుసు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని పెద్ద గొంతు ఎటు పోయిందో, చిన్నగా అన్నాడు. "అయ్యగారూ, ఈ ముసలామె చెప్పింది పిచ్చిమాట అనుకుందామంటే కుదరట్లేదండీ. మనం కొలిస్తే వీళ్లు నిజంగానే పోవాలి గదండీ."

నిజమే. వాళ్ల ఆచారం ప్రకారం చూసినా అంతే, మా ఆఫీసు ప్రకారం చూసినా అంతే. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు. వచ్చిన పని చెయ్యకుండా నిలబడటం నాకు ఒంట్లో ముళ్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. గొయ్యి చుట్టూ గిరగిరా తిరిగాను. తిరిగి తిరిగి, "గొలుసు చుట్టెయ్ దావీదూ" అన్నాను.

గాలికి వచ్చిన పెద్దమనిషి

రామ్మూర్తిగారు నా మాట విని పడక్కుర్చీలో ముందుకి వంగారు. "దిమ్మేంటయ్యా! గడ్డేంటయ్యా! గొలుసు పట్టుకెళ్లి కొలవకుండా వచ్చిన సర్వేయర్ని నిన్నొక్కణ్నే చూశాను. పద, నేనే వస్తాను."

మోకాళ్ల నొప్పులతో బండిలో కుదుపులు పడలేక పడవ కట్టించారు. కాలవ మీద పోతున్నంతసేపూ నేను పడవలో ఈ చివరికీ ఆ చివరికీ తిరుగుతూనే ఉన్నాను. పడవవాడు, "బాబ్బాబు, కూకోండి, ఒరిగిపోద్ది" అని మొత్తుకున్నాడు. నా మనసులో ఒక్కటే లెక్క. ఈయన కొలవమంటాడు, నేను కొలుస్తాను, ఆ తర్వాత పోలమ్మ మొహం ఎలా చూడాలి? పోనీ ఉద్యోగానికి నీళ్లొదులుకుందామా అంటే ఇంట్లో అమ్మ, చెల్లెలు. ఆయన మాత్రం నశ్యం డబ్బా మూత తీస్తూ వేస్తూ కూచున్నారు.

గట్టు మీద నులక మంచం వేశారు. ఆయన కూచుంటే మంచం కిర్రుమంది. పోలమ్మ నాకు చెప్పిందంతా మళ్లీ చెప్పింది. ఆయన అడ్డు తగల్లేదు. విని, నావైపు తిరిగి, "కొలువు" అన్నారు.

కొలిచాను. గుడిసె గుడిసెకీ గొలుసు పట్టాం. ఎవరూ అడ్డం రాలేదు. అడ్డం వస్తే బాగుండేది, తిట్టినా బాగుండేది. ఒక గుడిసెలో ఒకావిడ అప్పుడే గిన్నెలు గంపలో సర్దడం మొదలెట్టింది. దావీదు అటు చూడలేక మొహం తిప్పుకున్నాడు. చివరికి గొయ్యిలోకి దిగి దిమ్మ పక్కన కర్ర నిలబెట్టాను. అంకె చదివాను.

పోలమ్మ గొయ్యి అంచున చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

రామ్మూర్తిగారు మంచం మీంచి ఆమెని పిలిచారు. "అవ్వా, ఒక్క మాట. మీ రోజుల్లో కొలిచినవాడే కొట్టెయ్ అనేవాడా? లేక ఆ పైవాడు మళ్లీ వచ్చి చూసేవాడా?"

ఆమె కొంగు తీసి కళ్లు తుడుచుకుంది. "చిన్న దొర కొలుత్తాడయ్యా. పెద్ద దొరొచ్చి సరి సూసుకుంటాడు. ఆయన అన్నాకే కొడతాం. అదేగా పద్ధతి."

"మా ఆఫీసులోనూ అదే పద్ధతి. ఇదుగో వీడు చిన్న దొర. వీడు కొలిచాడు. పెద్ద దొర వచ్చి సరిచూసేదాకా వీడి కొలత కొలతే కాదు."

పోలమ్మ ఆయన కోటు వంకా, జవాను వంకా, పడవ వంకా చూసింది. "మరి మీరు కాదా అయ్యా పెద్ద దొర?"

రామ్మూర్తిగారు జవాను చెయ్యి పట్టుకుని లేచారు. గొయ్యి వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. గుడిసెల మధ్యనుంచి దిమ్మ నెత్తిన గడ్డి కనిపిస్తూనే ఉంది. ఆయన కావాలని కాలవ వైపు మొహం తిప్పుకుని నిలబడ్డారు.

"నేనా? నేను చల్లగాలికి పడవెక్కి వచ్చానమ్మా. సరిచూడ్డానికి కాదు."

ఆమెకి అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు, దణ్ణం పెట్టలేదు. గిన్నెలు సర్దుతున్న ఆవిడని చూసి, "ఒసే, ఆ గంప దించవే!" అని ఒక్క అరుపు అరిచింది.

తిరుగు పడవలో నేను కాలు నిలపలేకపోయాను. సంతోషించాల్సిందిపోయి ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఇదేం తీర్పండీ? ఊరు అని రాసెయ్యండి, తేలిపోతుంది. ఇలా గాల్లో వదిలేస్తే ఎలా?"

"ఊరు అని రాస్తే కాలవవాళ్లు పైకి అర్జీ పెడతారు. ఆక్రమణ అని రాస్తే రేపే వస్తారు. కొలిచాం, ఇంకా సరిచూడలేదు అని రాస్తే ఎవడేం చేస్తాడయ్యా? నాకేమో మోకాళ్ల నొప్పులు. నేను ఇప్పట్లో వచ్చేలా లేను."

"ఎన్నాళ్లు?"

"తేల్చడం ఒక్కటే పని అనుకుంటావు నువ్వు. కూచో, పడవ ఊగుతోంది."

అంతకుముందు ఆయన్ని బద్ధకస్తుడనుకునేవాణ్ని. బద్ధకస్తుడే, ఆ మాటకి నేను ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. కోపం వస్తే కాగితాలు మొహాన కొట్టేవారు, మధ్యాహ్నం ఆఫీసులోనే కునుకు తీసేవారు. కానీ ఆ బద్ధకాన్ని ఎక్కడ వాడాలో తెలిసిన మనిషి. చురుకైన అధికార్లని తర్వాత చాలామందిని చూశాను. వాళ్లలో సగం మంది ఆ పేటని ఒక్క పూటలో తేల్చేసి ఉండేవారు.

బోర్డులు మారాయి

కోటయ్యగారు వచ్చి అడిగినప్పుడల్లా రామ్మూర్తిగారు మోకాలు చూపించేవారు. "సరిచూడాలి కోటయ్యగారూ. ఈ వానలు తగ్గనివ్వండి." వానలు తగ్గాక ఎండలు, ఎండలు తగ్గాక మళ్లీ వానలు.

ఈలోగా స్వరాజ్యం వచ్చింది. టౌనులో వీధి వీధికీ పేర్లు మారుతున్నాయి. ఒకరోజు నేను గవర్నర్‌పేటనుంచి నడిచి వస్తుంటే కోటయ్యగారి కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. పెయింటరు బెంటన్‌పేట అన్న అక్షరాల మీద సున్నం కొట్టి ఒక జాతీయ నాయకుడి పేరు రాస్తున్నాడు. కోటయ్యగారు కింద నిలబడి చూస్తున్నారు.

"ఏమండీ, ఆ పేరు కోసమే కదా మా ఆఫీసులో అంత గొడవ చేశారు?" అన్నాను.

"కాలం మారిందండీ సర్వేయరు గారూ! ఇంకా ఆ తెల్లోళ్ల పేర్లు మనకెందుకండీ, సిగ్గుచేటు," అన్నారు. నా మొహంలోకి చూసే అన్నారు, అదీ విడ్డూరం.

అలా టౌనులో బెంటన్‌పేట పోయింది. గట్టు మీద బెంటన్‌పేట మిగిలింది. ఆ పేరుకి ఇక పోటీ లేదు కాబట్టి దాన్ని తీసేసే కారణమూ లేదు. నా పటంలో "బెంటన్‌పేట: కొలవబడినది, సరిచూడవలెను" అని ఉంది. కొత్త పటాలు గీసినవాళ్లు దాన్ని చూసి అలాగే ఎక్కించుకుంటూ పోయారు.

నా వంతు

రామ్మూర్తిగారు బదిలీ అయ్యారు, ఆ తర్వాత పోయారు. వచ్చినవాళ్లకి గట్టు మీది పేటని సరిచూసే తీరిక లేకపోయింది. ఏళ్లు గడిచి ఆ సరిచూసే కుర్చీలోకి నేనే వచ్చాను.

అది ఎంత బాధో మీకు చెప్పలేను. నా కింది ఉద్యోగుల కొలతలన్నీ ఊరూరా తిరిగి సరిచూసేవాణ్ని. ఆ ఒక్కటీ మిగిలేది. పెండింగు పని కళ్లముందు ఉంటే నాకు అన్నం సయించదు. కంకిపాడు వైపు పని పడితే దగ్గరి దారి వదిలేసి అవతలి గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. దావీదు అప్పటికి రిటైరైపోయాడు. ఎప్పుడైనా కనిపిస్తే, "అయ్యగారూ, గట్టు మీదకి వెళ్లలేదుగా?" అని ఆటపట్టించేవాడు. వెళ్లలేదురా బాబూ, చచ్చినా వెళ్లను అనేవాణ్ని. ఆ దిమ్మ నా కంట పడకూడదు. కంట పడితే సరిచూసినట్టే అని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఆఫీసువాళ్లు నన్ను వెర్రివాడనుకున్నారు, అనుకోనీ.

ఇదీ నేను ఉద్యోగంలో నేర్చుకున్నది. కుర్రాళ్లకి ఇది రుచించలేదు. "అంటే పని ఎగ్గొట్టమంటారా సార్?" అన్నాడొకడు. ఎగ్గొట్టమనడం లేదు. నీ కొలత వల్ల ఎవరు ఉంటారో ఎవరు పోతారో చూసుకుని గొలుసు విప్పమంటున్నాను. అది చూసుకోని మనిషి చేతిలో గొలుసు పెట్టకూడదు. నేను గట్టిగానే అన్నాను, వాడు నొచ్చుకుంటే నొచ్చుకున్నాడు.

రిటైరైన మర్నాడే బస్సెక్కి కంకిపాడులో దిగి గట్టు మీదుగా నడిచి వెళ్లాను. ఇక నేను సరిచూసేవాణ్ని కాదు, చూడొచ్చు. కొన్ని గుడిసెలు పెంకుటిళ్లయ్యాయి. బడి వచ్చింది, బడి గోడ మీద ఊరి పేరు రాసి ఉంది. పోలమ్మ పోయి చాలా ఏళ్లయిందట. గొయ్యిలో ఆమె కోడలు, తనూ ముసలిదైపోయింది, బిందె చంకనెత్తుకుని దిమ్మకి వేసిన నిచ్చెన ఎక్కింది. దిమ్మ నెత్తిన నీళ్లు పోస్తోంది. గడ్డి పచ్చగా ఉంది.

నా చేతిలో గొడుగు చూసి కొలిచే కర్ర అనుకుందో ఏమో, బిందె అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"మీరు పెద్ద దొరాండీ?"

గొడుగు చంకలో పెట్టుకున్నాను.

"కాదమ్మా," అన్నాను. "ఆయన ఇంకా రాలేదు. నువ్వు నీళ్లు పొయ్యి."